వైజాగ్‌లో విసిరే కత్తులు, గొడ్డళ్లు కొనాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

కత్తి విసరడం, గొడ్డలి విసరడం ఆటగా నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో సెట్ కోసం వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, డబ్బు కట్టే ముందు కాస్త ఆగండి. నేను ఏమీ విచారించకుండా 3,499 రూపాయలు కట్టాను. ఇప్పుడు మా మేనల్లుడి పిక్క మీద మూడు కుట్లున్నాయి.

మాది పెందుర్తి. ఇంటి వెనక మామిడి చెట్ల పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది. ఏడాదిగా వీడియోలు చూసి చూసి ఈ ఆట మీద మనసు పడింది. ఇందులో కండబలంతో పెద్దగా పని లేదు. ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఒకేలా చెయ్యి వదిలితే, కత్తి గాల్లో ఒకే లెక్కన తిరిగి మొనతో దిగుతుంది. అరడుగు తేడా వచ్చినా పిడి తగిలి వెనక్కొస్తుంది. యూరప్ పోటీల్లో కత్తికి 3, 5, 7 మీటర్ల దూరాలు పెడతారు. 2017లో మొదలైన వరల్డ్ యాక్స్ త్రోయింగ్ లీగ్‌లో చిన్న గొడ్డలికి 12 అడుగుల దూరం. ఆ గీతలే సున్నంతో గీసుకుని మొదలుపెట్టాను.

నేను కొన్న సెట్‌లో మూడు కత్తులు, ఒక గొడ్డలి. పేజీలో ‘ప్రొఫెషనల్ పోటీ సెట్’ అని పెద్దక్షరాలతో ఉంది. పెట్టె విప్పగానే ఒక కత్తి మీద తుప్పు మచ్చలు కనిపించాయి. మన సముద్రపు గాలికి ఇనుముకి ఇది మామూలేలే అనుకుని తుడిచేశాను. అప్పుడే తిప్పి పంపాల్సింది.

మూడో రోజు సాయంత్రం, 3 మీటర్ల గీత దగ్గర నుంచి విసురుతున్నాను. కత్తి పిడివైపు తగిలి, తిరగబడి, మొన బోర్డు అంచుకి కొట్టుకుంది. టక్కుమని శబ్దం వచ్చింది, అంతే. పక్కన ఫోన్‌లో వీడియో తీస్తున్న మేనల్లుడు “మావయ్యా!” అని కేక పెట్టి కూర్చుండిపోయాడు. విరిగిన అంగుళంన్నర మొన వాడి పిక్కలో దిగింది. వాడికి పద్నాలుగేళ్లు. అది మోకాలి కిందకి కాకుండా ముఖం మీదకి లేచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. చూసేవాళ్లు విసిరేవాడికి బాగా వెనకాల ఉండాలి, పక్కన ఉండకూడదు. వాణ్ణి అక్కడ నిలబడనివ్వడం నా తప్పే. మా అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

మర్నాడు విరిగిన ముక్కలు పట్టుకుని గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మెషిన్ ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన విరిగిన చోటు వెలుతురుకి పెట్టి చూపించారు. నున్నగా లేదు, ఉప్పు రవ్వ అంటించినట్టు గరుగ్గా మెరుస్తోంది. తర్వాత అంచు మీద ఆకురాయి పెట్టి లాగారు. పట్టలేదు, గాజు మీద లాగినట్టు జర్రున జారిపోయింది. “ఇది గోడకి తగిలించుకోడానికి బాబూ, ఇసరడానికి కాదు” అన్నారు. ఉక్కుని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది. కానీ మళ్లీ కొంచెం వేడి చేసి ఆ పెళుసుదనం తియ్యాలి. ఆ రెండో పని చెయ్యకపోతే గట్టి దెబ్బకి గాజులా పగులుతుంది. విసిరే కత్తి దెబ్బ తగిలితే వంగాలి గానీ విరగకూడదు. అందుకే దాని ఉక్కు వంటింటి కత్తి కన్నా కాస్త మెత్తగా ఉంటుంది, అంచుకి పదును కూడా అక్కర్లేదు, మొన ఉంటే చాలు.

వీధి చివర కిరాణా కొట్టు త్రాసు మీద మూడు కత్తులూ తూచాను. విరిగిన దాన్ని ముక్కతో కలిపి తూస్తే 231 గ్రాములు, మిగతా రెండూ 182, 205. ఒకేలా తిరగాల్సిన కత్తులకి ఇంత తేడా ఉంటే ఎంత సాధన చేసినా చెయ్యి కుదరదు. గొడ్డలి సంగతి ఇంకా ఘోరం. తల దగ్గర గోటితో గీకితే నల్లరంగు కింద నుంచి పుట్టీ రాలింది. కర్రకీ ఇనుముకీ మధ్య సందుని దాంతో పూడ్చి రంగేశారు. దాన్ని నేనింకా విసరలేదు, దేవుడి దయ.

అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే, వాడిన వస్తువు వాపసు తీసుకోం అన్నారు. రెండు రోజుల్లో పేజీలో ‘పోటీ సెట్’ తీసేసి ‘అలంకరణ కోసం’ అని మార్చేశారు. నా దగ్గర పాత స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి బతికిపోయాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ మాట రాసి పంపాక పంతొమ్మిదో రోజున డబ్బు వెనక్కొచ్చింది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాను. 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు ఉండదు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మన ఊళ్లోనే వెయ్యొచ్చు.

కొనేవాళ్లు ముందు ఏ ఉక్కో, ఒక్కో కత్తి బరువెంతో రాతపూర్వకంగా అడగండి. చెప్పకుండా దాటేస్తే వదిలెయ్యండి. పిడికి ప్లాస్టిక్ బిళ్లలు రివెట్లతో బిగించినవి వద్దు, మొత్తం ఒకే ఉక్కు పలక అయి ఉండాలి. పెట్టె మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసిందెవరో లేకపోతే ఆ పెట్టెనే ఫొటో తీసి వాపసు పెట్టండి. ఇంకొకటి, మన ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. పెద్దవి కొనేముందు మీ పోలీస్ స్టేషన్‌లో ఒక మాట అడగండి. స్కూటర్ డిక్కీలో వేసుకుని బీచ్ రోడ్డులో తిరగొద్దు.

బోర్డుగా నేను ప్లైవుడ్ పెట్టాను, అదీ పొరపాటే. దుంగని అడ్డంగా కోసిన బిళ్ల పెడితే మొన పీచుల మధ్యకి దిగుతుంది, వెనక్కి కొట్టదు. ఇప్పుడు సామిల్లులో బూరుగు బిళ్ల చెప్పి పెట్టాను.

నిన్న రాత్రి చూస్తే అదే ఫొటోతో అదే సెట్ వేరే పేరు మీద మళ్లీ అమ్మకానికి ఉంది. గొడ్డలి తల కింద నల్లరంగు కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ గుర్తు చూసుకోండి. విరిగిన కత్తీ, మొనా నా దగ్గరే ఉన్నాయి. ఎవరికైనా కొనే ముందు కళ్లారా చూడాలనిపిస్తే మెసేజ్ చెయ్యండి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.