ఆర్వీలో శాటిలైట్ టీవీ: ఎల్లోస్టోన్ నుంచి స్మోకీస్ దాకా ఎక్కడ బొమ్మ వస్తుంది, ఎక్కడ రాదు

అమెరికాలో ఆర్వీ (లోపలే ఇంటి వసతులున్న బండి) తీసుకుని నేషనల్ పార్కులకు బయల్దేరేవాళ్ళు శాటిలైట్ టీవీ అనగానే ఏ కంపెనీ యాంటెన్నా కొనాలని అడుగుతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, దిగబోయే సైటుకు, అంటే క్యాంప్‌గ్రౌండ్‌లో బండి ఆపుకునే చోటుకు, దక్షిణం వైపు ఆకాశం తెరిపిగా ఉందా అని. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన ఉంటాయి కాబట్టి అమెరికాలో ఎక్కడ ఆగినా యాంటెన్నా దక్షిణం వైపే చూడాలి. మధ్యలో గుబురు చెట్టు ఒక్కటి చాలు, బొమ్మ ఆగిపోవడానికి.

శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ నెట్‌వర్క్ వారి వెస్టర్న్ ఆర్క్ (పడమటి గుంపు) ఉపగ్రహాలు 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల్లో ఉన్నాయి. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు నుంచి 110 దాదాపు నేరుగా దక్షిణాన, 39 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 129 నైరుతికి జరిగి 35 డిగ్రీలకు దిగుతుంది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి బాగా చాచి పిడికిలి బిగిస్తే దాని మందం సుమారు 10 డిగ్రీలు. కంటి మట్టం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోండి. మూడున్నర పిడికిళ్ళ పైకి చెట్టు కొస వస్తే ఆ సైటు వదిలేయడం మేలు. 20 మీటర్ల పైన్ చెట్టు 28 మీటర్ల లోపు ఉంటే 129ని కప్పేస్తుంది. దిక్కు చూసేటప్పుడు బండికి నాలుగైదు అడుగులు ఎడంగా నిలబడాలి, ఇనుము దగ్గర దిక్సూచి తప్పు చూపిస్తుంది. ఫోన్ దిక్సూచిలో ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) పెట్టుకోకపోతే ఎల్లోస్టోన్‌లో పది డిగ్రీల పైనే తేడా వస్తుంది. ఎల్లోస్టోన్ మొత్తంలో నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షన్లు (హుకప్‌లు) మూడూ ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, కాబట్టి బుకింగ్ అప్పుడే దక్షిణం తెరిపి ఉన్న సైటు కావాలని అడగాలి.

గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌లోని ట్రైలర్ విలేజ్ ఇంతకన్నా నయం. అక్కడ మూడు ఉపగ్రహాలూ 44 నుంచి 48 డిగ్రీల ఎత్తులో ఉంటాయి, హుకప్‌లు పూర్తిగా ఉన్నాయి. పక్కనే ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు లేవు.

అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ దగ్గర లా పోసా అనే ప్రభుత్వ క్యాంపింగ్ స్థలంలో సిగ్నల్‌కు అడ్డమన్నదే లేదు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండే సీజన్ పర్మిట్ 180 డాలర్లు. కష్టమల్లా కరెంటుతోనే. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 600 వాట్-అవర్లు. టీవీ, రిసీవర్ కలిపి 70 వాట్లు అనుకుంటే, ఇన్వర్టర్ తినేది తీసేశాక ఏడు గంటలు వస్తుంది. రిసీవర్‌ను రిమోట్‌తో ఆపితే సరిపోదు. స్టాండ్‌బైలోనూ అది కరెంటు తాగుతూనే ఉంటుంది, ప్లగ్ పీకేయాలి.

తూర్పున ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో మాత్రం వేసవిలో ఆశ పెట్టుకోవద్దు. దట్టమైన ఆకులు, చుట్టూ కొండలు, చాలా క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు లేదు. పైగా 129 అక్కడ 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. డిష్ వారి తూర్పు గుంపు ఉపగ్రహాలకు (ఈస్టర్న్ ఆర్క్‌కు) మార్చుకునే వీలున్న యాంటెన్నా అయితే 61.5 ఉపగ్రహం 42 డిగ్రీల మీద, 72.7 ఉపగ్రహం 47 డిగ్రీల మీద దొరుకుతాయి. తూర్పు రాష్ట్రాలకు వెళ్ళేవాళ్ళు కొనేముందే ఈ సంగతి చూసుకోవాలి.

సామాను విషయంలో మా ఓటు నేల మీద పెట్టే గుమ్మటం యాంటెన్నాకి, దానికి జతగా డిష్ వారి వాలీ రిసీవర్‌కి. బండి నీడలో ఉన్నా యాంటెన్నాను కేబుల్ అందినంత దూరం ఎండలోకి జరుపుకోవచ్చు; టాప్ మీద బిగించినదానికి ఆ వెసులుబాటు లేదు. డిష్‌కు పోటీ కంపెనీ అయిన డైరెక్‌టీవీ హెచ్‌డీ చానెళ్ళు 99, 103 డిగ్రీల ఉపగ్రహాల నుంచి కా బ్యాండ్ అనే వేరే ఫ్రీక్వెన్సీలో వస్తాయి. ఆర్వీ గుమ్మటాలు దాన్ని పట్టలేవు, అందుకే వాటితో హెచ్‌డీ రాదు. హెచ్‌డీ కావాలంటే టాప్ మీద మడిచిపెట్టే పెద్ద డిష్ లాంటిది కావాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది కేబుల్ దగ్గర. ఈ గుమ్మటాలకు కరెంటు రిసీవర్ నుంచి ఆర్‌జీ-6 కేబుల్ (టీవీ సిగ్నల్ తెచ్చే తీగ) గుండానే వెళ్తుంది. బండి పక్కన 'కేబుల్' అని రాసిన సాకెట్‌కు తగిలిస్తే మధ్యలో స్ప్లిటరో బూస్టరో ఆ కరెంటును ఆపేస్తుంది. యాంటెన్నాలో మోటారు చప్పుడే వినపడదు, అది చెడిపోయిందనుకుంటారు. 'శాట్' అని రాసిన సాకెట్‌కే తగిలించాలి, అది లేకపోతే కిటికీలోంచి కేబుల్ నేరుగా రిసీవర్‌కు లాగాలి. కేబుల్ తిప్పి బిగించాకే రిసీవర్ ప్లగ్ పెట్టాలి. విప్పేటప్పుడు ముందు ప్లగ్ తీయాలి. యాంటెన్నా నేల మీద సమంగా కూర్చోవాలి. వెతకడం మొదలయ్యాక పది నిమిషాలు దాన్ని కదపకూడదు.

లోకల్ చానెళ్ళు ఒక్కో ప్రాంతానికే గురిపెట్టిన స్పాట్ బీమ్‌లలో వస్తాయి, ఆ ప్రాంతం దాటితే పోతాయి. కంపెనీకి చెప్పి సర్వీసు చిరునామాను క్యాంప్‌గ్రౌండ్‌కు మార్పించుకుంటే అక్కడివి వస్తాయి.

తెలుగు చానెళ్ళ కోసమైతే ఈ ఏర్పాటు కన్నా స్లింగ్, యప్‌టీవీ లాంటి యాప్‌లే దారి. హెచ్‌డీ అయితే గంటకు 3 జీబీ దాకా పోతుంది. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ మినీ 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది, కానీ దాని ఉపగ్రహాలు ఆకాశంలో కదులుతూ ఉంటాయి గనుక దక్షిణాన ఒక్క సందు చాలదు, నెత్తిమీద ఆకాశం విశాలంగా తెరిచి ఉండాలి. లా పోసాలో రెండూ నడుస్తాయి. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో చెట్ల మధ్య సందు దొరికితే గుమ్మటమే నిలకడగా పనిచేస్తుంది.