నికాన్ డీ7000: బాడీ మార్చాలా, లెన్సు మార్చాలా?

నికాన్ 2010లో విడుదల చేసిన డీ7000 కెమెరాను నేను పదేళ్లకు పైగా వాడుతున్నాను. దీని 16.2 మెగాపిక్సెళ్ల సెన్సారు ఏ3 సైజు ప్రింటుకు ఇప్పటికీ సరిపోతుంది కనుక, మెగాపిక్సెళ్ల కోసం కెమెరా మార్చాలని నాకు ఏనాడూ అనిపించలేదు. చిక్కంతా వెలుతురు తగ్గినప్పుడే.

నేను తీసే ఫొటోల్లో ఎక్కువ భాగం రవీంద్రభారతి వంటి వేదికల మీద జరిగే కూచిపూడి ప్రదర్శనలవి. అక్కడ ఫ్లాష్ వేయకూడదు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి కదిలే పాదాలు స్పష్టంగా రావాలంటే షట్టరు వేగం 1/500 సెకను దగ్గరైనా ఉండాలి. కెమెరాతో పాటు వచ్చిన 18-105 లెన్సు జూమ్ చివరన ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ సంఖ్య తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది) కాబట్టి ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 6400 దాకా పెంచక తప్పేది కాదు. ఆ స్థాయిలో చీర అంచు జరీ గీతలు నాయిస్‌లో (ఫొటో మీద తేలే చుక్కల గరుకులో) కలిసిపోయి పసుపు మరకలా మిగిలేవి. సెకండ్ హ్యాండ్‌లో 85 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్సు కొన్నాక, అవే దీపాల కింద ఎఫ్/2 దగ్గర ఐఎస్ఓ 800 సరిపోతోంది. ఇది మూడు స్టాపుల తేడా; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది. లెన్సు కొనకుండా డీ7000లో ఉన్నట్టే చిన్నదైన క్రాప్ సెన్సారుతో కొత్త బాడీ తీసుకుని ఉంటే మహా అయితే ఒక స్టాపు కలిసివచ్చేదని నా అంచనా. అయితే ఎఫ్/2 దగ్గర కంటికి ఫోకస్ పెడితే ముందుకు చాచిన చేయి మసకబారుతుంది. అభినయానికి అది అందమే కానీ, బృంద నృత్యానికి పనికిరాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 85డీ లెన్సులో సొంత మోటారు లేదు. డీ7000 బాడీలోని మోటారే దాని ఫోకస్‌ను తిప్పుతుంది. మోటారు లేని డీ3500, డీ5600 బాడీల మీదా, పాత లెన్సులను తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో మిర్రర్‌లెస్ జెడ్50 మీదా ఈ లెన్సును చేత్తో ఫోకస్ చేసుకోవలసిందే. మరోవైపు, తరువాత వచ్చిన, కొత్త రకం మోటారున్న ఏఎఫ్-పీ లెన్సులకు డీ7000 మీద ఫోకస్ పనిచేయదు. మోటారు లేని ఇలాంటి పాత డీ లెన్సులున్నవారు కొత్త బాడీ ధరకు, పనికిరాకుండా పోయే లెన్సుల ధరను కూడా కలుపుకొని లెక్క వేసుకోవాలి. అమ్మే దుకాణాల వారు ఈ లెక్క చెప్పరు.

పక్షుల విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గర 55-300 జూమ్ స్థానంలో పాత ఏఎఫ్-ఎస్ 300 ఎంఎం ఎఫ్/4 వాడాక, కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్ట మెడ ఈకలు విడివిడిగా కనిపించసాగాయి. ఆ లెన్సు దాదాపు కిలోన్నర బరువు, అందులో వీఆర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు; మోనోపాడ్ లేకుండా గంటసేపు మోయడం కష్టం. అదే పిట్ట నీటి మీదికి దూకే సమయంలో మాత్రం లెన్సు చేయగలిగింది ఏమీ ఉండదు. డీ7000లోని 39 ఫోకస్ పాయింట్లలో నిలువు, అడ్డం గీతలు రెండింటినీ పట్టుకోగల క్రాస్ రకానివి తొమ్మిదే, అవీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. సెకనుకు ఆరు ఫ్రేముల వేగంతో రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైళ్లు) తీస్తే పది పదకొండు ఫ్రేములకే బఫర్ (కార్డుకు చేరేలోపు ఫొటోలు ఉండే తాత్కాలిక మెమరీ) నిండుతుంది; దూకిన పిట్ట చేపతో పైకి లేచేసరికి కెమెరా కార్డు మీద రాసుకునే పనిలో ఉంటుంది.

కాబట్టి వేదికల కోసం బాడీ మార్చను. ఎగిరే పక్షుల కోసం మారిస్తే 2016 నాటి డీ500కే మారుస్తాను. అందులో 153 ఫోకస్ పాయింట్లు, సెకనుకు పది ఫ్రేములు, చాలా పెద్ద బఫర్ ఉండడమే కాక, బాడీలో మోటారు కూడా ఉండడం వల్ల 85డీ పక్కన పడదు. డీ7500 తక్కువ ధరకు దొరుకుతుంది కానీ, దానిలో ఒకే కార్డు స్లాటు ఉంది. రెండో కార్డులో నకలు ఉంచుకునే అలవాటు నేను వదులుకోలేను.