ఐదేళ్ల ల్యాప్‌టాప్, గరగరలాడిన ఫ్యాన్: నూనె చుక్క నుంచి కొత్త ఫ్యాన్ దాకా

ఈ ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లు దాటింది. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు దాని ముందే ఉంటాను. మొదటి మూడేళ్లూ లోపల ఫ్యాన్ ఒకటి ఉందన్న సంగతే గుర్తుకు రాలేదు. నాలుగో ఏడు ఒకరోజు పొద్దున ఆన్ చేయగానే గరగరమని చప్పుడు, నూనె లేని చక్రం తిరిగినట్టు. రెండు నిమిషాల్లో తగ్గింది కదా అని వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

రెండు నెలల్లో ఆ చప్పుడు రోజంతా అయింది. ఆన్‌లైన్ మీటింగుల్లో అవతలివాళ్లకూ వినిపించేది. లోపలి వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులకే ప్రాసెసర్ 97 డిగ్రీలు. అంత వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. టైప్ చేసిన అక్షరం ఆగి ఆగి పడడానికి కారణం అదీ.

ముందు శుభ్రం చేశాను. వెనక మూత తీసి, బ్యాటరీ వైరు ఊడదీశాక చూస్తే ఫ్యాన్ గాలి వదిలే చోట, ప్రాసెసర్ వేడిని లాగి బయటికి వదిలే హీట్‌సింక్ రేకులకు అడ్డంగా, దూది పట్టీలా దుమ్ము పేరుకుపోయి ఉంది. ట్వీజర్‌తో లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. గాలి కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే మితిమీరిన వేగంతో తిరిగి, ఫ్యాన్ ఇరుసును పట్టి ఉంచే బేరింగ్ దెబ్బతినొచ్చు.

వేడి 97 నుంచి 84కి దిగింది, హోరు తగ్గింది. గరగర మాత్రం అలాగే ఉంది. నాకు అసలు విషయం అర్థమైంది అప్పుడే. హోరు వేరు, గరగర వేరు. హోరుమంటే ఫ్యాన్ బాగానే ఉంది, గాలి ఆడక గట్టిగా తిరుగుతోందని. గరగరమంటే బేరింగ్ అరిగిందని, దానికి దుమ్ము దులిపితే సరిపోదు. ల్యాప్‌టాప్‌ను కాస్త వాల్చి పట్టుకుంటే చప్పుడు మారినా, రెక్కల మధ్య భాగాన్ని వేలితో కదిపితే అటూ ఇటూ ఊగినా ఇక సందేహం అక్కర్లేదు.

అయినా మనసొప్పక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాను. ఆ సాయంత్రం ఎంత నిశ్శబ్దమో! సరిగ్గా మూడు వారాలు. తర్వాత చప్పుడు మునుపటికంటే పెరిగింది, నూనెకు దుమ్ము అంటుకుని జిగురైంది. కొత్త ఫ్యాన్ వచ్చేదాకా నెట్టుకురావడానికైతే సరే, దాన్నే వైద్యం అనుకోవద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు అసలు కొట్టకండి, ఉన్న కాస్త జిడ్డునూ కడిగేస్తాయి.

ఆ రోజుల్లో నన్ను నిజంగా ఆదుకున్నది విండోస్ పవర్ సెట్టింగు. ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే నా మెషీన్‌లో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగం దాటి పరుగెత్తడం, ఆగిపోయింది. పని కొంచెం నెమ్మదించినా వేడి బాగా దిగింది, అరిగిన ఫ్యాన్ మీద భారం తగ్గింది.

కొత్త ఫ్యాన్ విషయంలో ఒకసారి దెబ్బతిన్నాను. ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి తెప్పిస్తే స్క్రూ రంధ్రాలు కలవలేదు. ఒకే మోడల్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికి, లేనిదానికి ఫ్యాన్లు వేరుగా ఉండొచ్చు. రెండు ఫ్యాన్లుంటే కుడిది ఎడమదానికి సాధారణంగా పట్టదు. పాత ఫ్యాన్ మీది స్టిక్కర్‌లో ఉన్న పార్ట్ నంబరే చూడాలి, కనెక్టర్‌లో ఎన్ని వైర్లున్నాయో కూడా లెక్కపెట్టాలి. ఆ నంబరుతో తెప్పించిన రెండోది చక్కగా కూర్చుంది. వైర్లు పట్టి లాగకుండా కనెక్టర్‌ను గోటితో మెల్లగా జరపాలి.

ఎలాగూ విప్పాను కదా అని హీట్‌సింక్ కూడా ఎత్తి, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కడితే దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టాను. హీట్‌సింక్ స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని ఉంటాయి. ఆ వరుసలోనే, ఒకేసారి బిగించకుండా కొంచెం కొంచెంగా తిప్పాలి.

పద్నాలుగు నెలలైంది. బరువైన పనిలోనూ 80 దాటడం అరుదు. మధ్య వేగంలో సన్నగా కూత వస్తుంది. పాత ఫ్యాన్ కొత్తలో ఇలా చేసేది కాదు. కానీ మొదటి వారం ఎంత ఉందో ఇప్పుడూ అంతే, పెరగలేదు. పరుపు మీద పెట్టి వాడడం మానేశాను. నాలుగు నెలలకోసారి మూత తీసి చూస్తున్నాను. మొన్న తీసినప్పుడు రేకుల మీద పలచటి పొర తప్ప ఏమీ లేదు.