డెబ్, ఫ్లాట్‌పాక్, యాప్‌ఇమేజ్, స్నాప్: లినక్స్ వాడేవారికి సాఫ్ట్‌వేర్ చేర్చడానికి ఏది మేలు?

అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే విద్యార్థిని ఒకరు తెలుగులో పనిచేసే చిన్న ప్రోగ్రాము రాసి, ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విడుదల చేశారనుకుందాం. లినక్స్ వాడే తోటివారికి దానిని ఏ రూపంలో చేర్చాలో శ్రద్ధగా ఆలోచించకపోతే, ఎంత మంచి ప్రోగ్రామైనా ఆమె ల్యాప్‌టాప్ దాటి బయటికి పోదు. ఇక్కడ ఫోను హాట్‌స్పాట్ మీద, పాత ల్యాప్‌టాప్‌ల మీద చదువు సాగించేవారు ఉన్నారు కాబట్టి, డౌన్‌లోడ్ ఎంత, నెట్ లేనప్పుడు దారి ఏమిటి, భద్రతకు పూచీ ఎవరిది అన్న మూడు ప్రశ్నలతో ఈ మార్గాలను తూచడం న్యాయం.

వీటిలో పాతది డెబియన్ మార్గం. 1993లో మొదలైన డెబియన్ అనే లినక్స్ రకంలోనూ, దాని ఆధారంగా 2004లో వచ్చిన ఉబుంటులోనూ ప్రోగ్రాములు డెబ్ ప్యాకేజీలుగా (ప్రోగ్రాము ఫైళ్ల మూటలుగా) రిపోజిటరీ అనే ఆన్‌లైన్ భాండాగారం నుంచి దిగుతాయి. ఒకే లైబ్రరీని, అంటే ఉమ్మడిగా వాడుకునే కోడును, అనేక ప్రోగ్రాములు పంచుకుంటాయి కనుక డౌన్‌లోడ్ చిన్నదిగా ఉంటుంది. ఆ లైబ్రరీలో లోపం బయటపడితే, ఒక్క ప్యాకేజీని సరిచేయగానే దాని మీద ఆధారపడిన వాటన్నిటికీ రక్షణ దొరుకుతుంది. కాలేజీ ల్యాబులో ఒక కంప్యూటరు మీద ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రోగ్రామును నడిపితే, ఒకసారి దిగిన ప్యాకేజీ మిగతావాటికి ల్యాబు నెట్‌వర్కులోనే అందుతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ల్యాబులకు డెబ్‌నే నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

దీని మీద ఉన్న ఫిర్యాదు ఆలస్యం. డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకొకసారి వస్తుంది; అందులో చేరాలంటే ప్యాకేజీని పరిశీలించి ఎక్కించే డెవలపర్ ఒకరు దొరకాలి, లైసెన్సుల తనిఖీ కూడా దాటాలి. అయితే 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడినప్పుడు, అది డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చింది గాని స్థిర విడుదలను తాకలేదు. ఆ నిదానానికి ఉన్న విలువ అప్పుడు తెలిసింది. రిపోజిటరీ జోలికి పోకుండా సొంత వెబ్‌సైటులో డెబ్ ఫైలు పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అందులోని స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే కంప్యూటరు మీద పూర్తి హక్కుతో నడుస్తాయి.

ఫ్లాట్‌పాక్ 1.0 వెర్షన్ 2018లో వచ్చింది. ఒకసారి తయారుచేసిన ప్యాకేజీ ఫెడోరా, మింట్, డెబియన్ అన్నిటిలోనూ నడుస్తుంది. కొత్త వెర్షన్ సిద్ధమైన కొద్దికాలానికే ఫ్లాట్‌పాక్‌ల ఆన్‌లైన్ స్టోరైన ఫ్లాట్‌హబ్ ద్వారా వాడేవారికి చేరుతుంది. బరువంతా రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఉమ్మడి లైబ్రరీల కట్టలో ఉంది: మొదటిసారి కొన్ని వందల ఎంబీలు దిగవచ్చు, హాట్‌స్పాట్ డేటాకు అది భారమే. అదే రన్‌టైమ్‌ను వాడే తర్వాతి ప్రోగ్రాముకు ఆ ఖర్చు ఉండదు. నెట్ లేని స్నేహితులకు ప్రోగ్రామును, రన్‌టైమ్‌ను కలిపి పెన్‌డ్రైవులోకి ఎక్కించే ఆదేశం కూడా ఇందులోనే ఉంది. అనుమతి లేనిదే మిగతా ఫైళ్లను తాకకుండా ప్రోగ్రామును కట్టడిలో ఉంచడం దీని పెద్ద గుణం. మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరు మొత్తానికి అనుమతి అడిగితే ఆ కట్టడి చాలావరకు పేరుకే మిగులుతుంది.

యాప్‌ఇమేజ్ ఒకే ఫైలు; ఇన్‌స్టాల్ అక్కరలేదు, నడిచే అనుమతి ఇస్తే చాలు. కానీ కొత్త వెర్షన్ వచ్చిన సంగతి చూసుకునే భారం ఎక్కువగా వాడేవారి మీదే పడుతుంది. పైగా ఉబుంటు 22.04లో పాత యాప్‌ఇమేజ్‌లు తెరవడానికి కావలసిన ఫ్యూజ్ 2 లైబ్రరీ ముందుగా ఉండదు కాబట్టి, అవి అక్కడ తెరుచుకోవు. నలుగురి చేత పరీక్ష చేయించుకోవడానికి ఇది చాలు.

స్నాప్ ఉబుంటును నడిపే కానానికల్ సంస్థది. మనం ఆపకపోతే రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్ల కోసం వెతుకుతుంది, స్టోరు సర్వర్ కోడు కూడా ఓపెన్ సోర్స్ కాదు. ఈ విద్యార్థినికి దాని అవసరం నాకు కనబడలేదు.

కాబట్టి ఆమె ముందు ఫ్లాట్‌హబ్‌లో పెట్టి, ప్రోగ్రాము కుదుటపడ్డాక డెబియన్‌లో చేర్చడానికి పూనుకోవడం మేలు. మెనూలో పేరు చూపే డెస్క్‌టాప్ ఫైలులో తెలుగు పేరును, స్టోరులో వివరాలు చూపే యాప్‌స్ట్రీమ్ ఫైలులో తెలుగు వివరణను మొదటి రోజే రాసి ఉంచితే, ఆ రెండు ఫైళ్లూ ఈ రెండు మార్గాల్లోనూ అలాగే పనికివస్తాయి.