లేబుల్ లేని ‘మూలికల పొడి’తో జాగ్రత్త: కుక్కకు కీళ్ల నొప్పులున్న బెంగళూరు తెలుగువాళ్లందరికీ

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కుక్కల కీళ్ల నొప్పులకని ఒక ‘మూలికల పొడి’ అమ్ముతున్నారు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దాని మీద పరిగెత్తే కుక్క బొమ్మ, కింద ఒక ఫోన్ నంబరు. అంతే. లోపల ఏమేం కలిపారో రాసి ఉండదు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఏవీ ఉండవు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొని కొన్నాళ్లుగా వాడుతుంటే మాత్రం ఉన్నపళంగా ఆపేయకండి. ఎందుకో కింద రాశాను, పూర్తిగా చదవండి.

మా పండు పొమేరియన్. పదేళ్లు దాటాయి. చిన్న జాతి కుక్కల్లో చాలావాటికి ఉన్నట్టే వాడికీ వెనక కాలి మోకాలి చిప్ప పక్కకు జారే సమస్య ఉంది. నడుస్తూ నడుస్తూ ఒక కాలు పైకెత్తి కాసేపు మూడు కాళ్ల మీద గెంతి, మళ్లీ ఏమీ జరగనట్టు నడిచేవాడు. చిప్ప ఏళ్ల తరబడి అలా జారుతుంటే కీలు అరిగి ఆర్థరైటిస్ వస్తుంది. కిందటి చలికాలానికి సోఫా ఎక్కడం మానేశాడు. పొద్దున్నే ముందుకాళ్ల మీద లేచేవాడు కానీ, వెనక భాగం లేవడానికి కిందామీదా పడేవాడు. నొప్పి ఉన్నచోట నాకి నాకి మోకాలి మీద తెల్ల బొచ్చు గోధుమరంగుకు తిరిగింది. నొప్పి అని నోరు తెరిచి చెప్పలేని జీవం, ఇలాంటివి చూసే మనం తెలుసుకోవాలి.

నొప్పి మందు మొదలుపెట్టే ముందు కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో చూడాలి, రక్తపరీక్ష చేయించమని డాక్టర్ చెప్పారు. సరిగ్గా అప్పుడే గ్రూపులో ఈ పొడి గురించి ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుంటూ రాశారు. ఫోన్ చేసి అందులో ఏముంటాయని అడిగాను. అతను తెలుగతనే. “అక్కా, ఇందులో ఇంగ్లిష్ మందు చిటికెడు కూడా లేదు. శల్లకి, అశ్వగంధ, పసుపు, అంతే. కిడ్నీలకు ఏమీ కాదు. మూడో రోజుకే గెంతులేస్తాడు చూడండి” అన్నాడు. డబ్బా 1,450 రూపాయలు. బిల్లు లేదు, యూపీఐలో డబ్బు పంపితే ఇంటికి వచ్చేసింది.

అతను చెప్పినట్టే మూడో రోజుకు పండు సోఫా ఎక్కాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ మూడో రోజు దగ్గరే మీరంతా ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని నా మనవి. మూలికలు గానీ, గ్లూకోసమైన్ లాంటి కీళ్ల సప్లిమెంట్లు గానీ, చేపనూనెలోని ఒమేగా-3 గానీ, ఏదైనా తేడా చూపించాలంటే వారాలు పడుతుంది. రెండు మూడు రోజుల్లో కుంటే కుక్క గెంతిందంటే లోపల నొప్పి మాత్రో స్టెరాయిడో ఉందని అనుమానించాల్సిందే. స్టెరాయిడ్ వాపును, నొప్పిని గట్టిగా అణిచేస్తుంది. కీలు మాత్రం బాగుపడదు. నొప్పి తెలియక కుక్క ఇంకా దూకుతుంది, ఆ కీలు ఇంకా అరుగుతుంది.

కొన్ని వారాలకు పండు నీళ్ల గిన్నె ఎన్నిసార్లు నింపినా ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. ఎన్నడూ లేనిది రాత్రిళ్లు హాల్లో పాస్ పోసేవాడు. ఫ్యాను కింద పడుకుని కూడా నాలుక బయటపెట్టి రొప్పేవాడు. తిన్నది చాలక వంటగది గుమ్మంలోనే కాపలా కాసేవాడు. పొట్ట కిందికి జారింది. 5.6 కిలోలు ఉండేవాడు 6.5 అయ్యాడు. మనకు కిలో అంటే లెక్కే కాదు, ఆరు కిలోల కుక్కకు, అందులోనూ అరిగిన మోకాళ్లున్న కుక్కకు అది చాలా ఎక్కువ.

చూడగానే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: “స్టెరాయిడ్ ఏమైనా ఇస్తున్నారా?” రక్తపరీక్షలో ఏఎల్‌పీ అనే లివర్ ఎంజైము బాగా పెరిగి ఉంది. కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను శరీరమే మితిమీరి తయారుచేసే కుషింగ్స్ జబ్బేమోనని ఏసీటీహెచ్ పరీక్ష కూడా చేశారు. ఈ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్తాను, మీకు పనికొస్తుంది. మొదట రక్తం తీసి, ఒక ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపయ్యాక మళ్లీ తీసి కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. మామూలు కుక్కకు పెరుగుతుంది. కుషింగ్స్ ఉంటే సాధారణంగా బాగా ఎక్కువ పెరుగుతుంది. పండుకు దాదాపు కదలలేదు. కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు పని మానేశాయని అర్థం. ఈ లక్షణాలన్నీ ఉండి, గ్రంథులు మాత్రం నిద్రపోతున్నాయంటే స్టెరాయిడ్ బయటినుంచి వస్తున్నట్టు. మా ఇంట్లో వాడికి చెవి చుక్కలు, చర్మం క్రీము సహా స్టెరాయిడ్ ఉన్నది ఏదీ వాడలేదు. వాడినది ఈ పొడి ఒక్కటే.

ఉన్నపళంగా ఆపొద్దని ముందే చెప్పింది ఇందుకే. బయటినుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం శరీరం తన కార్టిసాల్ తాను తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, కుప్పకూలిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. మా డాక్టర్ పొడి మాన్పించి, దాని బదులు కొలత తెలిసిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తక్కువ మోతాదులో మొదలుపెట్టి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సొంతంగా ఏదీ చేయకండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన విషయం ఇంకొకటి. కుక్కల ఆర్థరైటిస్‌కు డాక్టర్లు మామూలుగా మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటి నొప్పి మందులు రాస్తారు. అవి మంచి మందులే. కానీ స్టెరాయిడ్‌తో కలిపి ఇవ్వకూడదు. కడుపులో పుండ్లు పడతాయి, రక్తం పోతుంది, పేగుకు చిల్లు కూడా పడవచ్చు. తారులాగా నల్లటి విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ‘మూలికలే కదా’ అని డాక్టర్ మందుతోపాటు ఈ పొడి కూడా వేస్తున్నామని మా గ్రూపులోనే కొందరు రాశారు. డాక్టర్‌కు చెప్పడం లేదట. దయచేసి చెప్పండి.

అమ్మినతన్ని అడిగితే ముందు “అది మా ఇంటి రహస్యం అక్కా, బయటికి చెప్పం” అన్నాడు. పరీక్ష రిపోర్టు పంపాక నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోతే పోయింది. పండు కడుపులోకి ఏం వెళ్లిందో తెలిస్తే వైద్యం సులువయ్యేది, అది కూడా చెప్పలేదన్నదే నా బాధ.

ఇప్పుడు పండుకు స్టెరాయిడ్ పూర్తిగా ఆగింది. మధ్యలో నొప్పికి గాబాపెంటిన్ ఇచ్చారు, తగినంత వ్యవధి ఇచ్చాకే మెలాక్సికామ్ మొదలైంది. ఎక్కువ మేలు జరిగింది మాత్రం బరువు తగ్గడంతోనే. కుక్క తన బరువులో 6 నుంచి 9 శాతం తగ్గినా కుంటడంలో తేడా కనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. బిస్కెట్లు, పెరుగన్నం ముద్దలు ఆపి, తిండి గ్రాముల్లో తూచి పెడుతున్నాం. వాడు తిరిగే దారంతా అడుగున జారని మ్యాట్లు పరిచాం. మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్ మీద జారే ప్రతిసారీ ఆ మోకాలు మెలిపడుతుంది. గోళ్లు, అరికాలి వేళ్ల మధ్య బొచ్చు కత్తిరిస్తే పట్టు దొరుకుతుంది. ఒకే పెద్ద వాకింగ్ బదులు చిన్న చిన్నవి, మెట్ల దగ్గర వాణ్ణి ఎత్తుకునే వెళ్తాం. రెండో అభిప్రాయం కావాలంటే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మన ఇంట్లోని నొప్పి మాత్రలు కూడా వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ చిన్న కుక్కకు ఒక్క మాత్రతోనే కడుపు, కిడ్నీలు దెబ్బతీయగలవు. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ పోతుంది. నొప్పి జెల్ రాసినా నాకేస్తాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు. అది రాబందులను కాపాడటానికి, కానీ కుక్కకూ అది మంచి మందు కాదు. మనుషుల సిరప్‌లలో తీపికి జైలిటాల్ కలిపి ఉంటే అది కుక్కలకు విషం.

ఏ మందైనా, ఆయుర్వేదమైనా సరే, లైసెన్సు ఉన్నదైతే డబ్బా మీద ఏమేం కలిపారో, ఎవరు తయారుచేశారో, బ్యాచ్, తేదీలు తప్పకుండా ఉంటాయి. లేకపోతే తీసుకోకండి. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, నేనూ ఫిర్యాదు పెట్టాను. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు కూడా రాయండి. బిల్లు లేదని ఊరుకోకండి. యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, కొరియర్ కవరు, మిగిలిన పొడితో సహా డబ్బా అన్నీ దాచి ఉంచండి. పొడిని పరీక్షకు పంపాల్సి వస్తే అదే ఆధారం.