ఫైన్ కట్టేయాలా, రాజీ పడాలా, కేసు నడపాలా?

గొడవలో చేయి చేసుకున్నారు, కేసయింది, చార్జిషీట్ కూడా పడింది. వాయిదాలకు తిరిగి విసిగిపోయాక కోర్టు వరండాలో ఎవరో ఒకరు అంటారు: "ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే ఈ రోజుతో వదిలిపోతుంది."

వదిలిపోయేది వాయిదాల టెన్షన్ మాత్రమే. జైలు ముఖం చూడకపోయినా, నేరం ఒప్పుకుని జరిమానా కడితే చట్టం దృష్టిలో మీరు దోషే. పైగా ఒకసారి ఒప్పుకున్నాక "నేను చేయలేదు" అని అప్పీలుకు వెళ్లడం కుదరదు. మహా అయితే శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో అడగొచ్చు. చిన్న జరిమానాలకైతే ఆ అవకాశమూ ఉండదు.

రాజీ సంగతి వేరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 320) ప్రకారం రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. మామూలు దెబ్బల కేసులో దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటే చాలు. కొన్ని నేరాలకు కోర్టు అనుమతి కూడా కావాలి. కొన్నిటికి రాజీయే లేదు. అలాంటి చోట ఇరుపక్షాలూ కలిసిపోతే హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకునే దారి ఉంది కానీ హత్య, అత్యాచారం లాంటి వాటికి అది పనిచేయదని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లోక్ అదాలత్ రోజున ముగిసిన ప్రతి కేసూ రాజీ కాదు. తాగి బండి నడిపిన కేసునే తీసుకోండి, అది రాజీకి వచ్చేది కాదు. అందులో ఒప్పుకుని కట్టింది ఫైనే. కాగితం మీద ఏం రాశారో చూసుకోకుండా ఇంటికి రాకండి.

ఎదుటివాళ్లు రాజీకి దిగకపోతే? సాక్ష్యం బలహీనంగా ఉంటే కేసు నడపడమే నయమని నా అభిప్రాయం. ఖర్చుంది, ఏళ్లు పడుతుంది. కేసు నడుస్తున్నంత కాలం పాస్‌పోర్టు కావాలన్నా, విదేశం వెళ్లాలన్నా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. కేవలం జరిమానా పడినవాళ్లకు ఆ చిక్కు ఉండదు, ఎందుకంటే పాస్‌పోర్టు చట్టం అడ్డుపెట్టేది గత ఐదేళ్లలో నీతిబాహ్యమైన నేరానికి రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడినవాళ్లకు. అందుకే ప్రభుత్వ ఉద్యోగం ఆలోచన లేక, త్వరలో విదేశం వెళ్లాల్సినవాళ్లకు ఫైనే సులువనిపించడంలో వింత లేదు.

విచారణలో నేరం రుజువైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు మీద వదలమని అడగొచ్చు. మొదటి తప్పయితే లాయరు తప్పకుండా అడగాలి. దోషి అన్న మాట చెరిగిపోదు కానీ శిక్ష వల్ల చట్టపరంగా వచ్చే అనర్హత తగలదు. అయితే ప్రభుత్వ ఉద్యోగి మీద శాఖాపరమైన చర్యను ఇది ఆపలేదు.

ప్రభుత్వ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాళ్లకు మాత్రం నా సలహా ఒకటే: ముందు రాజీ, కుదరకపోతే విచారణ, ఫైన్ ఆఖరికి. రాజీ అయినా సరే, వెరిఫికేషన్ ఫారంలో కేసు గురించి అడిగితే రాయాల్సిందే. దాచారని తెలిస్తే ఆ ఒక్క కారణంతోనే ఉద్యోగం పోవచ్చు. చిన్న కేసయితే దాచినా క్షమించే విచక్షణ యజమానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కానీ ఆ విచక్షణ మీ చేతిలో ఉండదు.