జిమ్నీకి 215/75 ఆర్15 ఏటీ టైర్లు: నాపరాయికి, కంపముల్లుకి, రేగడికి ఏది ఆగుతుంది?

సీమలో టైరు ప్రాణం తీసేవి ముఖ్యంగా రెండు: నాపరాయి అంచు, కంపముల్లు. బురద బాధ వానలు పడిన ఆ కొన్ని వారాలే. కేరళలోనో కూర్గులోనో బురదలో తీసిన వీడియోలు చూసి జిమ్నీకి లావు బటన్ల (నేలను పట్టే రబ్బరు దిమ్మెల) ఎంటీ, అంటే మడ్ టెర్రైన్, బురద టైర్లు వేయించుకున్నవాళ్లు, ఆ తర్వాత కర్నూలు నుంచి అనంతపురం దాకా హైవే మీద పాట కూడా వినలేక పళ్లు నూరుకుంటూ పోతుంటారు. ఏటీ అంటే ఆల్ టెర్రైన్, తారుకీ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చే టైరు. ఇక్కడ రాసేదంతా మారుతి జిమ్నీ గురించి. థార్, జిప్సీలకు మధ్యలో నాలుగు మాటలు.

ముందు సైజు. కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15: వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఎత్తు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: 195లో 80 శాతం 156 మిల్లీమీటర్లు, పైనా కిందా కలిపి 312, రిమ్ము 381, మొత్తం 693. అదే లెక్కన 215/75 ఆర్15 ఎత్తు 703.5. ఒకటిన్నర శాతం తేడా. ఇందులో సగమే, అంటే ఐదు మిల్లీమీటర్లే, బండి పైకి లేస్తుంది. కాబట్టి ఎత్తు కోసం ఈ సైజు తీసుకోవడంలో అర్థం లేదు. లాభమంతా వెడల్పులో, గట్టి సైడ్‌వాల్‌లో (టైరు పక్క గోడ), బటన్లలో ఉంది. గేరు బలం తగ్గినట్టు అనిపించదు, ఎక్కడా రాసుకోదు.

235/75 ఆర్15 కథ వేరు. ఎత్తు 733.5, దాదాపు ఆరు శాతం ఎక్కువ. ఇంజను టార్కు 134 న్యూటన్ మీటర్లే కాబట్టి, నాలుగో గేరులో లాగే ఎక్కుడు ఇప్పుడు మూడో గేరు అడుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌ఫ్లాపుకో బంపరు అంచుకో రాసుకుంటుంది. అసలు చిక్కు రిమ్ము దగ్గర. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, 235 టైరుకు కనీసం 6 అంగుళాలు ఉండాలి. సన్న రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే నడుమ ఉబ్బుతుంది, అంచులు నేలను సరిగా పట్టవు, గాలి తగ్గించి నడిపినప్పుడు బీడ్ (రిమ్మును పట్టుకుని ఉండే టైరు అంచు) జారే ప్రమాదమూ పెరుగుతుంది. షాపులో అడిగితే 'ఎక్కుతుంది సార్' అంటారు. ఎక్కుతుంది, అందులో అబద్ధం లేదు. సైజు మార్చాక ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర మాట పడకూడదనుకుంటే కంపెనీ సైజుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

215/75 ఆర్15 బొలెరో సైజు కూడా. మన దిక్కు ఇంతకంటే పెద్ద సుగుణం ఇంకోటి లేదు. జమ్మలమడుగులోనో ఆదోనిలోనో టైరు చిరిగితే ఆ సైజు ఏదో ఒకటి దొరుకుతుంది, గండం గడుస్తుంది. కాకపోతే రెండు జాగ్రత్తలు. బొలెరోకు అని ఇచ్చేవాటిలో చాలావరకు రోడ్డు పట్టీల హెచ్‌టీలే (హైవే టెర్రైన్). అదే సైజులో సరుకు బండ్లకు వచ్చే ఎల్‌టీ రకం కూడా ఉంటుంది. దాని పొరలు మందం, 1,200 కిలోల జిమ్నీ దాని మీద బంతిలా ఎగురుతుంది. జిమ్నీ టైరు మీద ఉండే 96 అనే అంకెకు అర్థం ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని. నాలుగు కలిపితే 2,840. బరువు కోసం ఎక్కువ ప్లైలు (పొరలు) అక్కర్లేదు. రాయికి తట్టుకోవడం కోసం అయితే ఆలోచించవచ్చు, అదీ వారానికి మూడు రోజులు క్వారీ దారుల్లో తిరిగేవాళ్లు.

ఇక పేర్లు. అపోలో ఆప్టెర్రా ఏటీ2, యోకోహామా జియోలాండర్ ఏటీ జీ015, ఈ రెండూ రోడ్డు వైపు మొగ్గిన ఏటీలు. శబ్దం తక్కువ, గరుసు మీద పట్టు బాగుంటుంది. రోజూ ఆఫీసుకు పోయే బండికి ఈ కోవలోనే ఏదో ఒకటి చాలు. సియెట్ జార్, జేకే రేంజర్ పేర్లు వినగానే బిల్లు రాయించొద్దు. రెండిటిలోనూ ఏటీ, హెచ్‌టీ విడివిడిగా వస్తాయి. ఎంఆర్ఎఫ్ వాండరర్‌లోనూ అంతే, పేరు పక్కన ఏటీ అన్న అక్షరాలు టైరు మీదే చూసుకోవాలి. బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 సైడ్‌వాల్ మూడు పొరలు, గట్టిది, బరువూ ధరా దానికి తగ్గట్టే. మన ఊళ్లలో ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తున్న టైరును 'స్పెషల్' అంటూ ధర చెబుతారు. అది మంచులో పట్టుకు సంబంధించిన గుర్తు. కడప మే నెలలో దానితో ఏం చేస్తామో అమ్మేవాళ్లే చెప్పాలి. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని కేంద్రం లైసెన్సు కిందికి తెచ్చినప్పటి నుంచి విదేశీ సరుకు సైజులు అరకొరగా వస్తున్నాయి. కాబట్టి ఐదు టైర్లూ ఒకే రకం, ఒకే సైజు చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత ధరల పట్టిక చూపిస్తే ఈ మాట గుర్తు చేయండి.

నాపరాయి దగ్గర కాసేపు ఆగాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల క్వారీ వేస్టును దారి అంచుల్లో, గుంతల్లో పోస్తారు. పలక పలకగా విరిగిన రాయి అది, అంచు కత్తిపీటలా ఉంటుంది. దాని మీదికి బటన్లు ఎక్కితే పెద్దగా ఏమీ కాదు. పక్కన నిలబెట్టినట్టున్న పలకను సైడ్‌వాల్ రాసుకుంటూ పోతే అరచెయ్యంత చీలిక పడుతుంది. ఎక్కువగా తెగేది వెనక టైరే: మలుపులో ముందు చక్రం రాయిని తప్పించుకుని వెళుతుంది, వెనకది లోపలి గీత మీద వచ్చి దాన్నే రాసుకుంటుంది. గాలి మరీ తగ్గించి ఉంటే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి రాయికి ఎదురు వెళ్లి తగులుతుంది. అందుకే ఇసుకలో ఉంచే గాలితో పలకరాయి దారి తొక్కకూడదు. రాయిని తప్పించలేకపోతే చక్రాన్ని నేరుగా దాని నెత్తి మీదికి ఎక్కించడం మేలు. సైడ్‌వాల్ కోతకు పంక్చరు లేదు. లోపల ప్యాచ్ వేసి 'హైవేకి ఢోకా లేదు' అనేవాళ్లు ఉంటారు, ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచుకోకండి.

కంపముల్లు దీనికి తిరగబడ్డ కేసు. బటన్ల మధ్య సందులో నాటుకుంటుంది, మెత్తటి రబ్బరు లోపలికి చొచ్చుకుపోయి అక్కడే విరుగుతుంది. గాలి ఒక్కసారిగా పోదు, రాత్రికి నాలుగైదు పీఎస్ఐ తగ్గి ఉంటుంది. చేను గట్టు మీద ముల్లు కనిపించిందని అక్కడే లాగేయకండి. అదే ఇప్పటిదాకా బిరడాలా పనిచేస్తోంది. రోడ్డుకు వచ్చి, గాలి కొలిచి, అప్పుడు తీసి స్ట్రిప్ (బెజ్జంలో దూర్చే జిగురు పట్టీ) వేయాలి. ఒకే టైరులో మూడు నాలుగు ముళ్లు మామూలే, సబ్బు నీళ్లు చల్లి మొత్తం తిప్పి చూస్తే తప్ప తేలవు. ట్రెడ్‌లో చిన్న బెజ్జానికి స్ట్రిప్ చాలు, వీలైనప్పుడు లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించుకోవాలి. బటన్లు లోతుగా ఉన్న కొత్త ఏటీ టైరుకు ముల్లు పోటు తక్కువ, అరిగాక ఎక్కువ. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా నడపొచ్చు గానీ, కంపలో తిరిగే బండికి 4 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం తెలివైన పని.

నల్లరేగడి గురించి ఎవరేం చెప్పినా నమ్మొద్దు, తడిసిన రేగడిని గెలిచే కారు టైరు లేదు. ఆదోని, కోయిలకుంట్ల వైపు చేల దారుల్లో వాన పడిన మరుసటి రోజు ఏటీ టైరు పది చుట్లు తిరిగేసరికి సందులన్నీ బంకమట్టితో నిండి, నూనెలోంచి తీసిన గారెలా నున్నగా అవుతుంది. ఎంటీ సందులు వెడల్పు కాబట్టి చక్రం వేగంగా తిరిగితే మట్టిని విసిరేస్తుంది, ఇంకో వంద గజాలు ఎక్కువ పోతుంది. ఆ తర్వాత అదీ యాక్సిల్ దాకా దిగబడుతుంది, లాగడానికి వచ్చే ట్రాక్టరు ఒకటే. దిగి చెప్పుతో తొక్కి చూడండి: చెప్పు మట్టిలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకొస్తే బండి వెనక్కి తిప్పాలి. రెండు ఎండలు కాస్తే అదే దారి కంకర రోడ్డులా గట్టిపడుతుంది. ఈ కారణంగానే సీమలో ఎంటీకి ఓటు వేయలేం. ఏడాదికి వంద గజాల లాభం కోసం మిగతా రోజులన్నీ మోత, తొందర అరుగుదల, తడి తారు మీద తక్కువ పట్టు భరించాలి.

మంచి టైరు కంటే మంచి గాలి ముఖ్యం. తారు మీద డోరు పిల్లరు స్టిక్కరు చెప్పినంత, ఏటీ అయితే ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ. అనంతపురం ఎర్రనేల గరుసు దారులకు, గాలిమరల సర్వీసు రోడ్లకు 20–22. పలకరాయికి 20కి తగ్గించొద్దు. పెన్నా ఇసుకకు 14–15. బీడ్‌లాకు (బీడ్‌ను బిగించి పట్టే రింగు) లేని రిమ్ము మీద 12 కిందికి దిగితే గట్టిగా తిప్పిన మలుపులో బీడ్ ఊడి ఇసుక లోపలికి పోతుంది. 15తో ఉన్నప్పుడు వేగం 30 దాటకూడదు, తారు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. నలభై రెండు డిగ్రీల ఎండలో తక్కువ గాలితో హైవే మీద వంద కొడితే లోపల వేడికి పొరలు విడిపోతాయి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. ఐదారు డిగ్రీల వేడికి దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది, మధ్యాహ్నం కొలిచి 'ఎక్కువైంది' అని తీసేస్తే రాత్రికి తక్కువవుతుంది. మీ టైరుకు సరైన అంకె తెలియాలంటే సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా గీత గీసి, తిన్నటి రోడ్డు మీద యాభై మీటర్లు నడిపి చూడండి. నడుమ చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగి నడుమ మిగిలితే తక్కువ. కంప్రెసరు బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేది కొనండి. సిగరెట్ లైటరు సాకెట్‌కు పెట్టేవి కొన్నిసార్లు ఫ్యూజు కొట్టేస్తాయి.

థార్‌లో 18 అంగుళాల రిమ్ము మీద 255/65 టైరు సైడ్‌వాల్ 166 మిల్లీమీటర్లు, 16 అంగుళాల మీద 245/75 అయితే 184. రాయికి రెండోదే నయం, అందానికి మొదటిది. జిప్సీ కింగ్ 205/70 ఆర్15కు ఈ సలహాలన్నీ వర్తిస్తాయి, దాని రిమ్ము ముందు సొట్టలు లేకుండా ఉందో చూడండి.

బిగించేటప్పుడు షాపులో నిలబడి చూడాల్సినవి ఇవి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెల తేదీ: 2325 అంటే 2025లో 23వ వారం. ఐదు టైర్లకూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఏడాది పాతది వద్దు. వాల్వులు కొత్తవి వేయించండి, పాత వాల్వు మీద కొత్త టైరు పిసినారితనం. బ్యాలెన్సింగు శ్రద్ధగా జరగాలి, ఎందుకంటే జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం లాంటి ఇరుసులు); బరువైన టైరులో కాస్త తేడా ఉన్నా 70–80 దగ్గర స్టీరింగు వణకడం మొదలవుతుంది. బ్యాలెన్సు రెండుసార్లు చూసినా పోకపోతే కింగ్‌పిన్ బేరింగులు, స్టీరింగు డ్యాంపరు చూడాలి. టైరు మీద నెపం వేసి లాభం లేదు. అలైన్‌మెంటులో క్యాంబరు (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టరు (స్టీరింగు తిరిగే ఇరుసు వాలు) సరిచేశామని బిల్లు వేస్తే ఒప్పుకోవద్దు. ఈ బండికి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సర్దగలిగేది.

ఐదో టైరు కొనకుండా పాత 195ను వెనక డోరుకు తగిలించి ఉంచితే, పంక్చరైన రోజు అది తగిలించుకుని ఫోర్‌వీల్‌లో వేశారంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలాన్ని పంచే గేరుపెట్టె) మీద భారం పడుతుంది. ఎత్తు తేడా ఉన్న చక్రాలు వేర్వేరు చుట్లు తిరుగుతాయి. ఐదూ ఒకటే ఉంటే 8,000 కిలోమీటర్లకొకసారి స్టెప్నీని కూడా కలిపి తిప్పుకోవచ్చు. ముఖం ఒకవైపే ఉండే డైరెక్షనల్ ట్రెడ్‌కు మాత్రం ఇది కుదరదు. చివరగా నట్లు: గాలి గన్నుతో గరగరా బిగించి వదిలేస్తారు. టార్క్ రెంచితో 100 న్యూటన్ మీటర్లకు చేయించుకుని, వంద కిలోమీటర్లు తిరిగాక అదే రెంచితో మళ్లీ చూడండి, ఒకటో రెండో నట్లు చిన్నగా తిరుగుతాయి.